మకోండోలో జరిగేవన్నీ ఎందుకు నమ్ముతాం?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: అనంతపురం జిల్లాలోని మీ ఊరిని పెట్టి నవల రాస్తున్నారు. కొలంబియా రచయిత గాబ్రియేల్ గార్సియా మార్క్వెజ్ మకోండో అనే కల్పిత ఊరి మీద రాసిన నవల 'వన్ హండ్రెడ్ ఇయర్స్ ఆఫ్ సాలిట్యూడ్' చదివిన ఊపులో మొదలుపెట్టారు. మూడో అధ్యాయంలో ఒక అవ్వ చనిపోయిన రాత్రి ఊరి చెరువు నీళ్లన్నీ ఆకాశానికి లేచిపోతాయి. చదివిన స్నేహితులు "బాగుంది గానీ చందమామ కథలా ఉంది, నమ్మబుద్ధి కాలేదు" అన్నారు. ఆయన రాస్తే నమ్మేస్తాం, నేను రాస్తే ఎందుకు నమ్మరు అన్నది మీ ప్రశ్న.

చాలా ఏళ్లుగా కథల వర్క్‌షాపులు నడుపుతున్నాను, పత్రికలకు వచ్చే కథలు ఎడిట్ చేస్తున్నాను. ఈ తరహా రచనలు నా దగ్గరికి ఎక్కువే వస్తాయి. వాటిలో చాలావాటికి జబ్బు ఒకటే. వింత సంగతి దగ్గరికి రాగానే కథ చెప్పే గొంతు మారిపోతుంది. అప్పటిదాకా తిన్నగా నడిచిన వాక్యం ఒక్కసారిగా కవిత్వం అందుకుంటుంది. మీరు పెట్టిన పేరానే మళ్లీ చదవండి. "అద్భుతం", "మంత్రముగ్ధులై", "వెన్నెల ధారలా"... ఊరు ఊరంతా నోళ్లు తెరుచుకుని నిలబడిపోయింది. మీరే అంత ఆశ్చర్యపోతుంటే పాఠకుడు ఎక్కడ నమ్ముతాడు? ఇది జరిగే పని కాదని మీరే అతనికి సైగ చేసి చెప్పినట్టయింది.

మార్క్వెజ్ 1927లో కొలంబియాలోని అరకటాకా అనే చిన్న ఊళ్లో పుట్టాడు. కరీబియన్ తీరానికి దగ్గరగా, అరటి తోటల మధ్య ఉండే ఊరు. అమ్మమ్మ ట్రాంక్విలినా, తాత కల్నల్ నికొలాస్ మార్క్వెజ్ ఇంట్లో పెరిగాడు. తాత 1899 నుంచి 1902 దాకా సాగిన వెయ్యి రోజుల యుద్ధం అనే అంతర్యుద్ధంలో లిబరల్ పార్టీ తరఫున పోరాడిన మనిషి. ఆయన యుద్ధం కబుర్లు చెప్పేవాడు. అమ్మమ్మేమో చనిపోయినవాళ్ల గురించి, శకునాల గురించి, పప్పులో ఉప్పు ఎంత వేసిందో చెప్పినంత మామూలుగా చెప్పేది. 1981లో పారిస్ రివ్యూ అనే సాహిత్య పత్రికకి ఇచ్చిన ఇంటర్వ్యూలో ఆయన ఈ సంగతి వివరంగా మాట్లాడాడు. ఎంత వింత చెప్పినా ఆవిడ ముఖంలో మార్పు ఉండేది కాదట. మొదట్లో తాను ఆ కథలను నమ్మకుండానే చెప్పబోయాడనీ, ముందు తాను నమ్మి, అమ్మమ్మ ఏ ముఖంతో చెప్పేదో ఆ ముఖంతోనే రాయాలని తర్వాత తెలిసివచ్చిందనీ అన్నాడు.

ఆ తెలిసిరావడానికి చాలా కాలం పట్టింది. కుర్రతనంలోనే 'ఇల్లు' అనే పేరుతో ఈ నవల మొదలుపెట్టి వదిలేశాడు. మకోండో అనే ఊరు 1955లో వచ్చిన ఆయన మొదటి పుస్తకం 'లీఫ్ స్టార్మ్'లోనే ఉంది. ఆ పేరు కూడా అరకటాకా దగ్గర రైల్లోంచి కనిపించే ఒక అరటి తోటదే. మీరు చదివిన నవల 1967లో బ్యూనస్ ఐరిస్‌లో అచ్చయింది, మొదటి ముద్రణ 8,000 కాపీలు. రెంటికీ మధ్య 12 ఏళ్లు. ఊరు ఆయన చేతిలో ఉంది, మనుషులు ఉన్నారు, సంఘటనలూ చాలావరకు ఉన్నాయి. చెప్పే గొంతు దొరకాల్సి వచ్చింది. మీరు మొదలుపెట్టి ఎంతో కాలం కాలేదు కాబట్టి కంగారు పడకండి.

అదే ఇంటర్వ్యూలో ఏనుగుల మాట ఒకటుంది. ఆకాశంలో ఏనుగులు ఎగురుతున్నాయంటే ఎవరూ నమ్మరు, 425 ఏనుగులు ఎగురుతున్నాయంటే బహుశా నమ్ముతారు అన్నాడు. విలేకరిగా నేర్చుకున్న కిటుకు అది. ఈ మాట చాలామంది కొత్త రచయితలకు చేరింది. చేరి కొంత చెరుపు కూడా చేసింది. "ఆ రోజు ఊళ్లో 317 కాకులు మాట్లాడాయి" అని రాసి పంపిస్తారు. అంకె ఒక్కటీ ఏమీ చెయ్యదు. మార్క్వెజ్ ఇచ్చే వివరం ఎప్పుడూ ఆ ఊరి రోజువారీ పనిలోంచి పుట్టి ఉంటుంది. నవల్లో మారిసియో బబిలోనియా అనే కుర్రాడి వెంట తిరిగే పసుపు సీతాకోకచిలుకలనే తీసుకోండి. మార్క్వెజ్ చిన్నప్పుడు కరెంటు పనిచేసే మనిషొకడు ఇంటికి వచ్చేవాడు. స్తంభానికి వేలాడేందుకు నడుముకు బెల్టు ఉండేది. ఆ మనిషి వచ్చి వెళ్లిన ప్రతిసారీ ఇంటినిండా సీతాకోకచిలుకలు వదిలి పోతాడని అమ్మమ్మ అంటుండేదట. నవల్లో అతను మెకానిక్ అయ్యాడు, చిలుకలు పసుపు రంగువి అయ్యాయి. పసుపు అని చెప్పకపోతే ఎవరూ నమ్మరని రాస్తున్నప్పుడు అర్థమైందని ఆయనే చెప్పాడు.

ఇంకాస్త దగ్గరగా చూద్దాం. హొసే అర్కాదియో తుపాకీ గుండుకు చనిపోయే ఘట్టం గుర్తుందా? నెత్తురు తలుపు కిందినుంచి బయటికొచ్చి, వీధిలో పడి, మెట్లు దిగి, అరుగులెక్కి, టర్కుల వీధి వెంబడి పోయి, ఒకచోట కుడికీ ఇంకోచోట ఎడమకీ మళ్లి, తల్లి ఇంటికి వెళుతుంది. మూసిన తలుపు కింద దూరి, తివాచీలకు మరక అంటకుండా గోడ పక్కనుంచి పోతుంది. భోజనాల బల్లకు తగలకుండా దూరంగా చుట్టు తిరుగుతుంది. పిల్లాడికి లెక్కలు చెబుతున్న చెల్లెలు అమరాంతా కుర్చీ కిందుగా, ఆమె కంట పడకుండా వెళ్లి వంటింట్లో తేలుతుంది. అక్కడ తల్లి ఉర్సులా రొట్టె కోసం 36 గుడ్లు పగలగొట్టబోతోంది.

ఇందులో జరగని సంగతి ఒక్కటే, నెత్తురు అంత దూరం నడవడం. మిగతాదంతా వీధుల లెక్క, ఇంటి లెక్క. ఏ మలుపు ఎటు తిరుగుతుందో, ఏ గదిలో ఏముందో, ఆ వేళకు ఎవరు ఏం చేస్తుంటారో రచయితకు తెలుసు. తివాచీ పాడవకూడదనే జాగ్రత్త ఆ నెత్తురులోనే ఉంది చూడండి, నాకు మొత్తం నవల్లో అన్నిటికన్నా ఇష్టమైన వివరం అది. ఆ ఇంట్లో పెరిగిన కొడుకు నెత్తురు అది. తల్లికి ఏం కోపమొస్తుందో దానికి తెలుసు. ఈ పేరాలో "అద్భుతం" అనే మాట పడి ఉంటే అంతా కూలిపోయేది.

ఆ ఇంటి అందగత్తె రెమెదియోస్ స్వర్గానికి ఎగిరిపోయే సన్నివేశం కూడా ఇలాగే కుదిరింది. అది నమ్మేట్టు రాయడం చాలాకాలం తన వల్ల కాలేదని మార్క్వెజ్ అన్నాడు. ఒకరోజు పెరట్లోకి వెళితే, బట్టలుతికే ఆవిడ దుప్పట్లు ఆరేస్తూ, అవి ఎగిరిపోకుండా గాలితో పోట్లాడుతోంది. ఆ దుప్పట్లు రెమెదియోస్ చేతికిస్తే లేస్తుందని అప్పుడు తట్టిందట. నిజానికి అక్కడ నన్ను నమ్మించేది దుప్పట్లకన్నా ఫెర్నాందా. రెమెదియోస్ తమ్ముడి భార్య అయిన ఆ ఇల్లాలు ఈర్ష్యతో ఉడికిపోతుంది, చివరికి మహిమేనని ఒప్పుకుంటుంది, ఆ తర్వాత చాలా రోజులు తన దుప్పట్లు తనకు తిరిగి పంపించమని దేవుణ్ని ప్రార్థిస్తూ ఉంటుంది. మన ఊళ్లలో పెళ్లికి అరువిచ్చిన గిన్నెలు తిరిగి రాకపోతే ఏళ్ల తరబడి తలుచుకునే ఇల్లాళ్లను చూసినవాళ్లకు ఫెర్నాందా కొత్త మనిషేమీ కాదు. వింత జరిగాక దాని నష్టం ఎవరి మీద పడింది, ఎవరు విసుక్కున్నారు, ఎవరి పని ఆగిపోయింది అన్నది రాసి చూడండి. వర్ణన అవసరం చాలావరకు తీరిపోతుంది.

ఇక మకోండో జనం దేనికి ఆశ్చర్యపోతారో గమనించండి. జిప్సీలు ఎగిరే తివాచీ తెస్తే అదొక సంత వినోదం. మంచుగడ్డను మాత్రం డబ్బులిచ్చి చూస్తారు, వణికిపోతూ ముట్టుకుంటారు. చిన్నప్పుడు మార్క్వెజ్‌ను తాత చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి అరటి కంపెనీ దుకాణంలో మంచు చూపించాడు. నవల మొదటి వాక్యం ఆ జ్ఞాపకంలోంచే వచ్చింది. రైలు మొదటిసారి వచ్చినప్పుడు బట్టలుతికే ఆవిడ, ఒక వంటిల్లు ఊరిని వెనకేసుకుని ఈడ్చుకొస్తోందని కేకలు పెడుతూ పరుగెత్తుకొస్తుంది. సినిమా వచ్చినప్పుడైతే, ఒక బొమ్మలో చచ్చిపోయాడని తాము కన్నీళ్లు కార్చిన మనిషి మరో బొమ్మలో బతికి, పైగా అరబ్బుగా మారి కనిపించేసరికి జనం మోసపోయామని కుర్చీలు విరగ్గొడతారు. ఒక ఊరు దేన్ని మామూలుగా తీసుకుంటుంది, దేనికి ముక్కున వేలేసుకుంటుంది అన్నది తేలితే ఆ ఊరు తయారైనట్టే. మీ అధ్యాయాల్లో ఆ తేడా నాకు కనిపించలేదు. చెరువు లేవడానికీ, సెల్ టవర్ రావడానికీ, ఊళ్లో పెళ్లికీ జనం ఒకే మోతాదులో స్పందిస్తున్నారు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మార్క్వెజ్ గురించి మాట్లాడేవాళ్లు సీతాకోకచిలుకల దగ్గరే ఆగిపోతారు, నాకు అది బాధగా ఉంటుంది. ఆ నవలకు వెన్నెముక 1928 నాటి అరటి తోటల ఊచకోత. ఆ నవంబరులో కొలంబియాలోని మాగ్దలేనా ప్రాంతంలో, అమెరికాకు చెందిన యునైటెడ్ ఫ్రూట్ కంపెనీ తోటల కూలీలు సమ్మెకు దిగారు. రాతపూర్వక కాంట్రాక్టు, 8 గంటల పని, వారానికి 6 రోజులు, కూలి కూపన్ల రూపంలో కాకుండా డబ్బుగా ఇవ్వడం లాంటివి అడిగారు. డిసెంబరు 5 అర్ధరాత్రి దాటాక సియెనగా రైల్వే స్టేషన్ దగ్గర పోగైన జనం మీద సైన్యం కాల్పులు జరిపింది. సైన్యాన్ని నడిపించిన జనరల్ కోర్తెస్ వర్గాస్ చనిపోయింది 47 మంది అన్నాడు. మరుసటి జనవరిలో బొగొటాలోని అమెరికన్ రాయబార కార్యాలయం, వెయ్యి దాటిందని కంపెనీ ప్రతినిధే తమకు చెప్పాడని వాషింగ్టన్‌కు రాసింది. ఎందరు పోయారో ఈనాటికీ తేలలేదు.

నవల్లో మూడు వేలమంది చనిపోతారు. శవాలను రైలుపెట్టెల్లో అరటి గెలల్లా పేర్చి సముద్రంలో పడేయడానికి తీసుకెళుతుంటే, వాటి మధ్య మెలకువ వచ్చిన హొసే అర్కాదియో సెగుందో (ముందు చెప్పిన హొసే అర్కాదియో మనవడు) దూకి, వానలో నడిచి ఊరికొస్తాడు. మూడు వేలమంది ఉంటారు అని ఒక ఇంట్లో చెబితే, ఇక్కడ ఎవరూ చనిపోలేదే అంటుంది ఆ ఇంటావిడ. ఎక్కడికెళ్లినా ఇదే జవాబు. దానికి ముందు కంపెనీ వకీళ్లు కోర్టులో ఒక గారడీ చేసి ఉన్నారు: అందరూ తాత్కాలికంగా పెట్టుకున్నవాళ్లే కాబట్టి కంపెనీకి అసలు కూలీలే లేరు, ఎప్పుడూ లేరు అని తీర్పు తెచ్చుకున్నారు. ఇది రచయిత గాల్లోంచి తెచ్చింది కాదు. కూలీలందరూ కాంట్రాక్టర్ల మనుషులనీ తమ ఉద్యోగులు కారనీ కంపెనీ నిజంగానే వాదించింది. కాంట్రాక్టు కార్మికుల గురించి మన దగ్గర ఇదే వాదన విన్నవాళ్లు నవ్వాలో ఏడవాలో తెలియక ఆ పేజీ దగ్గర ఆగుతారు.

ఆడపిల్ల దుప్పట్లతో సహా ఆకాశానికి పోతే నమ్మిన ఊరు, చాక్లెట్ తాగి నేలకు 12 సెంటీమీటర్లు పైకి లేచిన పాదిరీని చూసి గుడికి చందాలిచ్చిన ఊరు, తన కళ్లముందు జరిగిన చావులను ఒక్కటే నమ్మలేదు. సెగుందో తడుస్తూ నడిచొచ్చిన ఆ వానే 4 ఏళ్ల 11 నెలల 2 రోజులు కురుస్తుంది. మిగతా వింతలన్నీ ఈ ఒక్క అపనమ్మకానికి చోటు సిద్ధం చేస్తున్నాయని నా అభిప్రాయం. తర్వాతి విచిత్రం ఇంకొకటుంది. ఆ ఊచకోత వర్ధంతి ఒకదాని నాడు కొలంబియా సెనేట్‌లో మాట్లాడుతున్న వ్యక్తి, అమరులైన మూడు వేలమందికి ఒక నిమిషం మౌనం పాటించమని కోరాడట. 2002లో వచ్చిన ఆత్మకథలో మార్క్వెజ్ ఈ సంగతి రాసుకున్నాడు. ప్రభుత్వం లెక్క చెప్పనిచోట నవల లెక్క నిలబడింది.

మీ నవలకు దీనితో పనేమిటంటారా? మీ ప్రశ్న చివర ఒక మాట అనేసి వదిలేశారు: ఆ చెరువు ఇప్పుడు లేదు, ప్లాట్లు పడ్డాయి, అడంగల్‌లో కూడా అది చెరువుగా లేదు అని. మీ నవల అక్కడుంది! పదిమందికి నీళ్లిచ్చిన చెరువు కాగితాల్లో ఎప్పుడూ లేకుండా పోవడం కన్నా పెద్ద మాయ ఏముంటుంది? నీళ్లు ఆకాశానికి లేచాయంటే ఊరంతా నమ్ముతుంది. చెరువును ఫలానావాళ్లు పూడ్చారంటే మాత్రం ఇక్కడ చెరువెప్పుడుంది అని అడుగుతుంది. మీ మూడో అధ్యాయాన్ని ఈ వెలుతురులో మళ్లీ రాయండి.

ఎలా ఉండొచ్చో ఊరికే చూపించడానికి నాలుగు వాక్యాలు రాస్తున్నాను, మీరు ఇలాగే రాయాలని కాదు:

"అవ్వ పోయిన రాత్రి నీరుగంటి తూము మూయడానికి పోతే చెరువులో నీళ్లు లేవు. తలెత్తి చూస్తే పైన ఉన్నాయి. ఆ యేడు చేపల వేలం పాడుకున్నాయన తెల్లారకముందే పంచాయతీ ఆఫీసు మెట్ల మీద కూర్చుని, వల అందని ఎత్తులో చేపలుంటే తన పాట డబ్బులు వాపసు ఇవ్వాల్సిందేనన్నాడు. వేలం చెరువుకు గానీ నీళ్లకు కాదని సెక్రటరీ రూలు చదివి వినిపించాడు. అడుగున బయటపడిన రెండు బిందెలు తమవంటే తమవని రెండు ఇళ్ల ఆడవాళ్లు జుట్లు పట్టుకున్నారు."

నీరుగంటి ఏ వేళకు తూము దగ్గరికి పోతాడో, వేలం ఏ నెలలో పెడతారో, మరువ పారినప్పుడు ముందు మునిగేది ఎవరి మడో మీకు తెలుసు, నాకు తెలియదు. అవన్నీ పెట్టండి. ఇక్కడి మాటలు కూడా మీ ఊరివే ఉండనివ్వండి. మనుషులు మీ ఊరి యాసలో మాట్లాడుతూ, కథకుడు మాత్రం పాఠ్యపుస్తకం భాష మాట్లాడితే, అతను బయటినుంచి వచ్చి చోద్యం చూస్తున్నవాడవుతాడు. అలాంటివాడు మాయ గురించి ఏం చెప్పినా నేల విడిచి సాము చేసినట్టే ఉంటుంది.

ఇది లాటిన్ అమెరికా సరుకు, మనకు అతకదు అని మీ స్నేహితుల్లో ఒకరన్నారని రాశారు. దాన్ని పట్టించుకోకండి. ఓ.వి. విజయన్ మలయాళ నవల 'ఖసాక్కింటె ఇతిహాసం' పుస్తకంగా వచ్చింది 1969లో. మార్క్వెజ్ నవల ఇంగ్లీషులోకి వచ్చింది 1970లో. విజయన్‌కు ఆధారం పాలక్కాడ్ దగ్గరి తస్రాక్ అనే పల్లె. అక్కడి ఏకోపాధ్యాయ పాఠశాలలో ఆయన చెల్లెలు పనిచేస్తుంటే వెళ్లి ఉన్నాడు, ఆ తర్వాత 12 ఏళ్లు ఆ నవల మీద కూర్చున్నాడు. నవల్లోని ఖసాక్ ఊళ్లో తూనీగలు చనిపోయినవాళ్ల జ్ఞాపకాలు. ఆ నమ్మకాన్ని ఆయన కొలంబియా నుంచి తెచ్చుకోనక్కర్లేదు. విజయన్ చివరి రోజులు మన హైదరాబాద్‌లోనే గడిచాయి, 2005లో ఇక్కడే కన్నుమూశాడు. పూనకాలు, బొడ్రాయి, పొలిమేర అమ్మవార్లు, ముగ్గు తొక్కితే వచ్చే జ్వరాలు ఉన్న మన ఊళ్లకు ఒకరి దగ్గర అరువు తెచ్చుకోవాల్సిన అవసరం అస్సలు లేదు. అయితే అమ్మవారు పూనిన మనిషిని అద్భుతంగా చూపించకండి. ఊళ్లో ఆమెను అడిగేది తప్పిపోయిన ఎద్దు ఎక్కడుందని, కొడుక్కి పెళ్లెప్పుడవుతుందని. అదే రాయండి.

చదవాల్సినవి చెబుతాను. మొదట హువాన్ రుల్ఫో 'పెద్రో పారామో'. 1955 నాటి మెక్సికన్ నవల, చాలా చిన్నది. తండ్రిని వెతుక్కుంటూ కొమాలా అనే ఊరికి వచ్చిన కొడుక్కి అక్కడ మాట్లాడేవాళ్లంతా చనిపోయినవాళ్లని మెల్లగా తెలుస్తుంది. ఎక్కడా వివరణ ఉండదు. 1961లో మార్క్వెజ్ మెక్సికో చేరాక స్నేహితుడు అల్వారో మూతిస్ ఆ పుస్తకం చేతిలో పెట్టి చదివి నేర్చుకోమన్నాడు. మార్క్వెజ్ దాన్ని కంఠతా పట్టాడు. ఆ తర్వాత మార్క్వెజ్‌దే 'నో వన్ రైట్స్ టు ద కల్నల్' చదవండి. యుద్ధం పింఛను ఉత్తరం కోసం ప్రతి శుక్రవారం పోస్టు పడవ దగ్గరికి వెళ్లే ముసలాయన కథ. ఒక్క వింత కూడా లేదు. డబ్బా గీకి తీసిన చివరి చెంచా కాఫీపొడి, అమ్మాలా వద్దా అని భార్యాభర్తలు వాదులాడుకునే పందెం కోడి, ఎడతెగని వాన ఉన్నాయి. మాయ లేకుండా ఒక చిన్న ఊరిని ఆయన ఎంత గట్టిగా కట్టగలడో అందులో చూస్తారు.

అది చదివాక మీ మొదటి రెండు అధ్యాయాలను వింతలేవీ లేకుండా మళ్లీ రాయండి. చెరువు మీద ఎవరెవరు బతుకుతున్నారో, ప్లాట్లు వేసినవాళ్లు ఊళ్లో ఎవరికి ఏమవుతారో ముందు కాగితం మీద పెట్టండి. మూడో అధ్యాయం దాని తర్వాతే ముట్టుకోండి. తిరగరాసింది ఇక్కడే పెడితే తప్పకుండా చదువుతాను.